మూడు పుట్‌లు ఎక్కడ తగ్గాయో చెప్పండి

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,

అయ్యా,

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మీ టోల్‌ఫ్రీ నంబరులోనూ చాట్‌లోనూ నేను చెప్పింది ఎవరి చెవికీ ఎక్కలేదు కాబట్టి కాగితం మీద పెట్టాల్సి వచ్చింది.

గోల్ఫ్‌లో బంతిని హోల్‌లోకి దొర్లించే మీ కొత్త మ్యాలెట్ పుట్టర్, అంటే పెద్ద హెడ్ ఉన్న కర్ర, బెంగళూరులో మీ డీలర్ దగ్గరే కొన్నాను. ఈ టెక్నాలజీతో రౌండుకు మూడు పుట్‌లు (పుట్టర్‌తో కొట్టే దెబ్బలు) తగ్గుతాయని పెట్టె మీద పెద్దక్షరాల్లో వేశారు. నేను అడిగింది ఆ ఒక్క మాట గురించే. ఎవరిచేత ఆడించి చూశారు? ఏ పుట్టర్‌తో పోల్చారు? బంతి ఎంత వేగంగా దొర్లే గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి నేల) మీద? ఇంతకు మించి నేనేమీ అడగలేదు.

మొదట ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "ఏం పాడైంది సార్?" అంది. ఏదీ పాడవలేదమ్మా అన్నాను. "అయితే కంప్లైంట్ ఏంటి సార్?" అంది. మీరు రాసినదానికి రుజువు అడుగుతున్నానన్నాను. కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. ఆ తర్వాత, బంతిని తాకే హెడ్, కర్ర భాగమైన షాఫ్ట్, చేత్తో పట్టుకునే గ్రిప్ ఈ మూడింట్లో ఏదో ఒకటి చెబితేగాని కంప్లైంట్ ఎక్కదంది. నా ప్రశ్న ఈ మూడింట్లో దేనికీ చెందదని ఎంత చెప్పినా వినకుండా, చివరికి తనే "గ్రిప్ డ్యామేజ్" అని రాసుకుంది.

అక్కణ్ణుంచి మొదలైంది అసలు తిప్పలు. గ్రిప్ ఫోటో పంపమని మెయిల్ వచ్చింది. గ్రిప్ బాగానే ఉంది, నా ప్రశ్న వేరని వివరంగా జవాబు రాశాను. ఫోటో అందనందున ఫిర్యాదు ముగించామని తిరుగు మెయిల్! మళ్ళీ ఫోన్ చేస్తే ఇంకో అబ్బాయి, మొదట్నుంచీ చెప్పమన్నాడు. చెప్పాను. టెక్నికల్ టీమ్‌కు పంపుతున్నా, రెండు రోజుల్లో ఫోన్ చేస్తారన్నాడు. ఎవరూ చేయలేదు. నేనే చేస్తే, డీలర్‌ను అడగమన్నారు. డీలరేమో, "పెట్టె మీద రాతలు మాకేం తెలుసు సార్, కంపెనీనే అడగండి" అని చేతులు దులుపుకున్నాడు. ఈలోగా చిత్తూరులో మా ఇంటికి కొరియర్‌లో ఒక కొత్త గ్రిప్ వచ్చింది. నేనడగని గ్రిప్! వెనకే, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని మెసేజ్.

సూపర్‌వైజర్‌తో మాట్లాడతానని పట్టుబడితే ఒకాయన లైన్లోకొచ్చాడు. పెద్ద పెద్ద ఆటగాళ్ళంతా ఇలాంటివే వాడుతున్నారన్నాడు. మూడు పుట్‌ల లెక్క సంగతి అడిగితే నీళ్ళు నమిలాడు. ఆఖరికి, "బాగా ప్రాక్టీస్ చేయండి సార్, వాటంతటవే తగ్గుతాయి" అన్నాడు. నా ఒళ్ళు మండింది ఆ మాటకే. ప్రాక్టీసుతోనే తగ్గేటట్టయితే మీ టెక్నాలజీకి నేను డబ్బెందుకు కట్టినట్టు?

పుట్టర్ల మార్పులంటే నాకు గిట్టదనుకోకండి. కార్స్టన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు బరువును హెడ్ రెండు కొసలకూ జరిపి 1966లో తెచ్చిన ఆన్సర్ పుట్టర్‌ను ఈ రోజుకీ అందరూ అనుకరిస్తున్నారు. బంతి నడిమధ్య తగలకపోయినా హెడ్ తక్కువ తిరుగుతుంది, వేగం అంతగా చావదు. మీ మ్యాలెట్‌లోనూ ఆ గుణం ఉంది. బెంగళూరు ప్రాక్టీస్ గ్రీన్ మీద తెల్లవారే, ఇంకా మంచు తడి ఆరకముందే, నా పాత బ్లేడునూ (సన్నటి హెడ్ ఉన్న పుట్టర్) మీ మ్యాలెట్‌నూ మార్చి మార్చి కొట్టి చూశాను. దూరం నుంచి కొట్టిన పుట్‌లలో, కొస తగిలినప్పుడు కూడా మీదానితో బంతి హోల్‌కు దగ్గరగానే ఆగింది. అయిదారు అడుగుల పుట్‌లలో మాత్రం నాకు ఏ తేడా కనబడలేదు. ఇదంతా మీ వాళ్ళకు మెయిల్‌లో రాశాను, మంచిని మంచనే రాశాను. దానికి వచ్చిన జవాబు: "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం."

తేడా కనబడకపోవడంలో వింతేమీ లేదు. బంతి ఏ దిక్కుకు బయల్దేరుతుందన్నది ఎక్కువగా తగిలే క్షణంలో హెడ్ ముందువైపు (ఫేస్) ఎటు చూస్తోందన్నదాన్ని బట్టే ఉంటుంది. గ్రీన్ వాలునూ వేగాన్నీ చదవాల్సింది మనిషే. ఎనిమిది అడుగుల నుంచి అమెరికా పీజీఏ టూర్ ప్రొఫెషనల్ ఆటగాళ్ళు సైతం ఇంచుమించు సగం పుట్‌లే హోల్‌లో వేయగలుగుతున్నారు. జాక్ నిక్లాస్ 1986లో 46 ఏళ్ళ వయసులో పెద్ద హెడ్ పుట్టర్‌తో మాస్టర్స్ టోర్నమెంట్ గెలిచాడు. టైగర్ వుడ్స్ తన 15 మేజర్లలో (అతి పెద్ద టోర్నమెంట్లలో) 14 ఒకే సన్నటి బ్లేడుతో గెలిచాడు. ఏళ్ళ తరబడి చిన్న పుట్‌లకు చేతులు వణికిన లూకస్ గ్లోవర్, పుట్టర్ మార్చాక 2023 ఆగస్టులో వరసగా రెండు టోర్నమెంట్లు గెలిచాడు. కాబట్టి కొందరికి పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. అందరికీ మూడు తగ్గుతాయని మీరు ఏ ధైర్యంతో అచ్చేశారు?

మాది మామిడి గుజ్జు వ్యాపారం. తోతాపురి గుజ్జు డ్రమ్ము మీద 14 బ్రిక్స్ (తీపి కొలత) అని రాస్తే, కొనేవాడు మా ఎదుటే దాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద చుక్క వేసి చూస్తాడు. అంకె తగ్గితే సరుకు వెనక్కి. పండు తీపిగానే ఉంది, ఇంకొంచెం ఓపిక పట్టండని మేమంటే ఊరుకుంటాడా?

నా మొదటి ఐరన్ క్లబ్బుల (గోల్ఫ్ కర్రల) సెట్ మీ కంపెనీదే. బంతులు, గ్లవుజులు అన్నీ మీవే కొంటూ వచ్చాను. పలమనేరు, ములబాగిలు మీదుగా నాతోపాటు బెంగళూరు వచ్చి ఆడే స్నేహితులు మీ సెట్లు కొన్నది నా మాట నమ్మే. వాళ్ళిప్పుడు కొత్త పుట్టర్ సంగతి అడుగుతుంటే, కంపెనీ నాకే జవాబివ్వడం లేదని చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. ఇన్నేళ్ళ కొనుగోళ్ళకు మీ దగ్గర ఉన్న విలువ ఒక ఉచిత గ్రిప్పేనా?

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయబోతున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేయవచ్చు, దానికి మీ ఆఫీసున్న ఊరికి రానక్కర్లేదు. మీరే చిత్తూరు జిల్లా వినియోగదారుల కమిషన్ ముందుకు రావాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయగలదని కూడా మీ లాయర్లను అడిగి తెలుసుకోండి. డబ్బు వాపసు ఇస్తామంటే కాదనను. కానీ దాంతో నా నోరు మూయించవచ్చని అనుకోవద్దు. ఆ మూడు పుట్‌ల పరీక్ష వివరాలు నాకు రాతపూర్వకంగా కావాలి. అలాంటి పరీక్షే జరగకపోతే ఆ మాట రాసి, పెట్టె మీద నుంచి ఆ వాక్యం తీసేయాలి.

ఈ నెలాఖరులోగా జవాబు రావాలి. కింద "కస్టమర్ కేర్ టీమ్" అని కాకుండా, రాసినవారు తమ పేరూ హోదా రాసి సంతకం పెట్టాలి. మీరు పంపిన గ్రిప్‌ను సీలు విప్పకుండా ఈ ఉత్తరంతోపాటే తిప్పి పంపుతున్నాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు