ముచ్చిక తీసే చేతుల సంగతి: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం ఎక్కువగా మాట్లాడిందీ, పోట్లాడిందీ కిలో రేటు గురించే. గుంటూరు చుట్టుపక్కల శీతల గిడ్డంగుల దగ్గర మిరపకాయ తొడిమలు, అంటే ముచ్చికలు, తీసినందుకు మనకు తూకాన్ని బట్టి కూలి ఇస్తున్నారు. బ్యాడిగి రకం కాయ పొడవు, కారం తక్కువ. తేజ రకం కాయ చిన్నది, ఘాటు ఎక్కువ. కిలో నిండాలంటే తేజలో ఎన్ని ముచ్చికలు ఎక్కువ గిల్లాలో కూర్చున్నవాళ్లకే తెలుసు. ఎగుమతికి తొడిమ తీసిన తేజనే ఎక్కువగా అడుగుతారు కాబట్టి మన పనిలో పెద్ద వాటా దానిదే. రకాన్ని బట్టి రేటు కట్టమని అడిగాం. రెండు చోట్ల ఒప్పుకున్నారు. మిగిలినవాళ్లు వచ్చే సీజన్లో చూద్దామన్నారు. కిందటేడూ ఇదే మాట విన్నాం.

పని వేళలను తెల్లవారుజాముకు జరిపించాం. మధ్యాహ్నం ఎండకు కాయ పెళపెళలాడుతుంది, పట్టుకోగానే చిట్లి గింజ రాలుతుంది. ముక్కయిన కాయకు ధర పడిపోతే మాట పడేది మనమే. నీళ్లు చల్లి మెత్తబరచడం తేలికే గాని, తేమ ఎక్కువైతే బస్తాలో బూజు పడుతుంది.

ముచ్చిక తీసే యంత్రాన్ని కూడా చూసి వచ్చాం. డ్రమ్ము తిరుగుతుంటే సందుల్లోంచి బయటికి వచ్చిన తొడిమను బ్లేడు కోస్తుంది. తిన్నటి కాయ బాగానే వచ్చింది. వంకర కాయ సగం ముచ్చికతోనే బయటపడింది, కొన్ని నలిగాయి. వాటిని మళ్లీ మన ముందే పోశారు! యంత్రం వద్దని మనం అనలేదు. అది వదిలేసిన కాయను ఏరి, ముచ్చిక తీసే పనికి వేరే కూలి కట్టమన్నాం. జవాబు ఇంకా రాలేదు.

రబ్బరు చేతి తొడుగులు కొనడం మన పొరపాటు. ముచ్చిక వేళ్లకు అందక అందరూ రెండో రోజుకే తీసేశారు. ఆ డబ్బుతో కొబ్బరినూనె కొని ఉంటే సరిపోయేది. మిరప మంట ఉత్త నీళ్లకు వదలదు. ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. పసిపిల్లల తల్లులు ఇది తప్పక పాటించాలి.

మరుగుదొడ్డి, తాగునీరు, నీడ కోసం ఇచ్చిన అర్జీల్లో నీడ ఒక్కటే తీరింది. తట్ట బరువు మినహాయించి తూచేలా కాటా దగ్గర మన మనిషి ఒకరు నిలబడాలని తీర్మానించాం. పేర్లు ఇవ్వవలసినవాళ్లు ఇంకా ఇవ్వలేదు.