‘సాంకేతిక లోపం’ అని రాసి ఊరుకోవడమేనా?

సంపాదకులకు,

గత వారం మీ పత్రికలో వచ్చిన కర్మాగార ప్రమాద వార్త చదివాను. ఆవిరి గొట్టం ఉన్నట్టుండి పగిలిందనీ, సాంకేతిక లోపమే అందుకు కారణమనీ యాజమాన్యం చెప్పిన మాటను మీ విలేఖరి యథాతథంగా రాశారు. ఉద్యోగ జీవితమంతా మెయింటెనెన్స్ విభాగంలోనే గడిపిన నాకు ఈ మాట చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. అలాంటి గొట్టం చాలావరకు ఉన్నట్టుండి పగలదు. లోపలి గోడ తుప్పుకో ఒరిపిడికో నెలల తరబడి అరిగి, ఒత్తిడికి తాళలేనంత పలచబడ్డాకే పగులుతుంది. ఆ అరుగుదలను గొట్టం కోయకుండా బయటినుంచే కొలిచే అల్ట్రాసౌండ్ గేజ్ అరచేతిలో ఇమిడేంత ఉంటుంది.

ఇదేమీ నిన్నమొన్నటి విద్య కాదు. లోహంలోని లోపాలను అల్ట్రాసౌండ్‌తో పట్టవచ్చని సోవియట్ శాస్త్రవేత్త సొకొలోవ్ 1928లోనే ప్రతిపాదించారు. ప్రతిధ్వని ఆధారంగా పనిచేసే పరికరానికి అమెరికాలో ఫైర్‌స్టోన్ అనే శాస్త్రవేత్తకు 1942లో పేటెంటు వచ్చింది. ఉక్కులో సెకనుకు సుమారు 5,900 మీటర్ల వేగంతో సాగే తరంగం అవతలి అంచును తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి గోడ మందం తెలుస్తుంది. అయితే తుప్పు గీకి, జెల్ రాసి, ప్రతిసారీ గుర్తు పెట్టిన అదే చోట ప్రోబ్, అంటే తరంగాన్ని పంపి అందుకునే గేజ్ మొన, ఆనించాలి. ముఖ్యంగా ప్రవాహం వచ్చి కొట్టుకునే ఎల్బోల (గొట్టం మలుపుల) వెలుపలి వంపును వదలకూడదు. నేను పనిచేసిన ఒక కర్మాగారంలో గొట్టం పొడవునా అన్ని చోట్లా ఒకే మందం, దశాంశంతో సహా, రాసి ఉన్న నివేదిక చూశాను. గేజ్ పట్టుకుని ఎవరూ ఆ గొట్టం దగ్గరకు వెళ్లలేదనడానికి ఆ కాగితమే సాక్ష్యం. దాని మీద తనిఖీ అధికారి సంతకం కూడా ఉంది!

తిరిగే యంత్రాల సంగతీ ఇంతే. సుమారు 20 వేల హెర్ట్జ్ దాటిన ధ్వని మనిషి చెవికి వినపడదు; అల్ట్రాసౌండ్ అంటే అదే. బేరింగ్‌లో రాపిడి, గాలి లీకు, విద్యుత్ పరికరాల్లో డిశ్చార్జి తొలిదశలో చేసే చప్పుడులో చాలా భాగం ఆ పైనే ఉంటుంది. దానిని వినగలిగే స్థాయికి దించి హెడ్‌ఫోన్లలో వినిపించే పరికరాలు ఉన్నాయి. గ్రీజు తగ్గిన బేరింగ్‌కు ప్రోబ్ ఆనిస్తే గరగర వినిపిస్తుంది. గ్రీజు గన్‌తో కొద్దికొద్దిగా ఎక్కిస్తూ ఉంటే ఆ గరగర సన్నబడి ఒకే తీరు హోరుగా మారుతుంది. చెయ్యి అక్కడే ఆపాలి. ఇంకా ఎక్కిస్తే బేరింగ్ వేడెక్కి సీళ్లు దెబ్బతింటాయి. బాగున్నప్పటి స్థాయికంటే 8 డెసిబెళ్లు పెరిగితే గ్రీజు అవసరమని ఈ పని చేసేవారు పాటించే లెక్క. కానీ ఆ బాగున్నప్పటి రీడింగ్ రాసి పెట్టుకున్న కర్మాగారాలు ఎన్ని? తేదీ చూసి గ్రీజు కొట్టడం, బేరింగ్ పట్టేస్తే నాణ్యత బాగాలేదని సరఫరాదారు మీద నెట్టడం, ఇదే అలవాటైపోయింది. కంప్రెసర్ ఇచ్చే గాలిలో ఒక్కోసారి 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుందని అమెరికా ఇంధన శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ లీకులు వెతకడానికే పనికొచ్చే పరికరం చాలాచోట్ల స్టోరు బీరువాలో తాళం వేసి ఉంటుంది.

పరికరం కొనడం తోనే పని పూర్తయిందనుకోవడం అసలు జబ్బు. యంత్రాల అల్ట్రాసౌండ్ పరిశీలనకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) వారి ఐఎస్ఓ 29821, ఆ పని చేసేవారి శిక్షణకూ అర్హతకూ ఐఎస్ఓ 18436-8 ప్రమాణాలు ఉండగా, ఆ రోజు షిఫ్టులో ఎవరు ఖాళీగా ఉంటే వారి చేతికి ప్రోబ్ ఇచ్చి పంపుతున్నారు. ఖర్చు తగ్గించాలంటే మొదట కోత పడేది మెయింటెనెన్స్ మీదే. అనుభవజ్ఞులు పదవీ విరమణ చేస్తే ఆ స్థానాలు ఖాళీగానే ఉంటాయి. ఇక అధికారులు ఫైలులో ధ్రువపత్రం ఉందో లేదో చూస్తారే తప్ప యంత్రం దగ్గరకు నడవరు.

తనిఖీకి వెళ్లే అధికారులు గత మూడు పరిశీలనల రీడింగులు పక్కపక్కన పెట్టించి చూడాలి; వాటిలో ఏదో ఒక చోటును తామే ఎంచుకుని తమ కళ్ల ముందే మళ్లీ కొలిపించాలి. మీ విలేఖరులు కూడా ఇకపై సాంకేతిక లోపం అని రాసేముందు ఆ గొట్టాన్ని చివరిసారి ఎప్పుడు కొలిచారో, ఎంత మందం వచ్చిందో, ఎవరు కొలిచారో యాజమాన్యాన్ని అడిగి, వచ్చిన జవాబును వార్తలో ప్రచురించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత మెయింటెనెన్స్ ఇంజనీరు