టమాటా పూత రాలిపోతోందని అడిగినవాళ్లకి

పొద్దుటి నుంచి మన మేడ తోటల గ్రూపులో అందరూ రాలిన పూత ఫొటోలే పెడుతున్నారు, అందుకని ఒకేసారి రాస్తున్నా. మన బెజవాడ మే నెల ఎండకి టమాటా పూత నిలవదండీ, పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా 24కి దిగకపోతే పుప్పొడి పనిచేయదు, పువ్వు కాడ దగ్గర పసుపెక్కి చెయ్యి తగిలితే చాలు ఊడిపోతుంది. దీనికి మందుల్ని నమ్ముకోకండి, షాపువాడు ఇచ్చిన టానిక్ కొని నేను పోయినేడు డబ్బులు తగలేశాను. మొక్క బాగుంటే నీడ వల కట్టి, మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచి కాపాడుకోండి, లేదంటే పీకేసి ఆగస్టు చివర్లో కొత్త నారు పోసుకోండి, దసరాకి అటూ ఇటూగా నాటితే చలికాలంలో కాయే కాయ.

కాయ అడుగున నల్లగా కుళ్లు వస్తే అది పురుగు కాదు. నీళ్లు ఒకరోజు ముంచేసి రెండ్రోజులు మర్చిపోతే కాయకి కాల్షియం అందదు, అంతే. ఆకు ముడుచుకుపోయి మొక్క గిడసబారితే మాత్రం తెల్లదోమ తెచ్చిన వైరస్, జాలిపడకుండా పీకి కవర్లో కట్టి పారేయండి.

ఈలోపు బెండ, గోరుచిక్కుడు, తోటకూర వేసుకోండి, ఎండకి తట్టుకుంటాయి. సొర పిందెలు మాడిపోతున్నాయన్నవాళ్లు సాయంత్రం ఆరు దాటాక మేడెక్కండి, తెల్ల పువ్వులు అప్పుడే విచ్చుకుంటాయి. మగపువ్వు రేకులు తుంచేసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. మా ఆయన నవ్వారు గానీ నిన్నటి పప్పులో సొరకాయ అలా కాసిందే.

బెండ విత్తనాలు మిగిలాయి, కావాల్సినవాళ్లు మెసేజ్ పెట్టండి.