అడగడానికి మొహమాటపడకు

అమ్మలూ,

ఇంటి నుంచే చేసే ఈ కొత్త ఉద్యోగం ఎలా ఉందంటే "బానే ఉంది నాన్నా" అని ఊరుకుంటున్నావు. అమ్మతో మాత్రం, పొద్దున్నించీ ల్యాప్‌టాప్ ముందే ఉంటున్నా నేనొకదాన్ని ఉన్నట్టు ఎవరికీ తెలీదు అన్నావట. అందుకే రాస్తున్నాను.

పని చేతకాక నీకలా అనిపించడం లేదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు చాలా సంగతులు చెవులతోనే నేర్చుకుంటారు. పక్క సీటాయన ఫోన్‌లో ఎలా సర్దిచెబుతున్నాడు, మేనేజరు దేనికి విసుక్కుంటారు, దేన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు, ఏ పనికి ఎవర్ని పట్టుకోవాలి, ఇవేవీ ఏ డాక్యుమెంటులోనూ ఉండవు. ఇంట్లో కూర్చున్నవాళ్ల చెవిన పడవు. పైగా నువ్వు ఎక్కడో చిక్కుకుని అరగంటగా స్క్రీన్ వంక చూస్తున్నావని ఎవరికీ తెలీదు. పక్కన మనుషులుంటే నీ మొహం చూసి ఎవరో ఒకరు "ఏమైంది?" అనేవారు.

స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, సహచరులతో కలిసి చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్లో చేసిన ప్రయోగం గురించి చదివాను. 2015లో అచ్చయింది. ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. అయినా అంతే బాగా పనిచేసిన ఆఫీసువాళ్లతో పోలిస్తే ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. ప్రయోగం ముగిశాక చాలామంది ఒంటరితనం భరించలేక ఆఫీసుకే వెళ్తామన్నారు. ఇంకో సంగతి చూడు: కనీసం 6 నెలలు అక్కడ పనిచేసినవాళ్లనే అందులోకి తీసుకున్నారు. వాళ్లకి పనీ తెలుసు, మనుషులూ తెలుసు. నువ్వు ఆ రెండూ దూరం నుంచి, ఒకేసారి నేర్చుకుంటున్నావు. బెరుగ్గా ఉండటంలో వింతేముంది తల్లీ?

అందుకని అడుగు. ఏం చేయబోయావు, ఏమేం ప్రయత్నించావు, ఎక్కడ ఆగిపోయావు, ఇవన్నీ ఒకే మెసేజ్‌లో రాయి. "హాయ్" అని పెట్టి ఎదురుచూడకు, అవతలివాళ్లు మీటింగులో ఉంటే అది అక్కడే పడుంటుంది. వీలైనంతవరకు టీమంతా చూసేచోటే అడుగు. అదే సందేహం ఇంకొకరికీ ఉండొచ్చు, తర్వాత చేరేవాళ్లకి వెతికితే దొరుకుతుంది. మరీ పొడుగ్గా రాయాల్సి వస్తే మాత్రం పది నిమిషాల కాల్ అడిగెయ్. జవాబు పొడిపొడిగా వచ్చిందని నీమీద కోపమేమో అనుకోకు. హడావుడిలో మనుషులు అలాగే టైపు చేస్తారు.

మేనేజరుతో వారానికోసారి విడిగా మాట్లాడే సమయం పెట్టించుకో. మొదటి నెలాఖరుకి నువ్వేం చేసి చూపిస్తే బాగుంటుందో ఆయన్నే సూటిగా అడుగు. సాయంత్రం ఆ రోజు చేసింది రెండు ముక్కల్లో రాసి పంపు. గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని వెనకాడతావు, నీ సంగతి నాకు తెలుసు. కాదమ్మా, ఆయనకి నీ పని తెలిసే దారి ఇంకోటి లేదు.

చాట్‌లో నీ పేరు పక్కన, ఆన్‌లైన్‌లో ఉన్నావని చూపే పచ్చ చుక్క ఆరిపోతుందేమోనని రాత్రిదాకా కూర్చుంటున్నావట. అది మాత్రం వద్దు. పని గంటలు అయ్యాక ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు బయట నడిచి రా.

ఈ వారం టీమ్‌లో ఎవరో ఒకరికి, పనితో సంబంధం లేకుండా, కాసేపు పరిచయంగా మాట్లాడుకుందామా అని మెసేజ్ పెట్టు. ఎవరికి పెట్టావో, ఏమన్నారో ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పు.

నాన్న