మా సెస్‌ని సభ్యుల చేతిలోనే ఉంచండి సార్

తెలంగాణ విద్యుత్ శాఖ మంత్రి గారికి,

నమస్తే సార్. మా సిరిసిల్ల దిక్కు కరెంటు బిల్లు డిస్కంకి, అంటే సర్కారు కరెంటు పంపిణీ కంపెనీకి కట్టం, సెస్‌కి, అంటే మా సహకార విద్యుత్ సరఫరా సంఘానికి కడతం. 1970 ప్రాంతంల దేశం మొత్తం మీద మొదట పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో మాదొకటి, కర్ణాటకల హుక్కేరి కూడా అప్పటిదే. డిస్కం దగ్గర టోకున కరెంటు కొని ఊర్లకు, పొలాలకు, సాంచాలకు (మరమగ్గాలకు) ఇచ్చేది ఇదే.

సాంచాలు నడిపేటోళ్లకు కరెంటు పోతే ఏమైతదో మీరొకసారి వచ్చి చూడాలె, చప్పుడు ఒక్కసారే ఆగిపోతది, కూలి నేసిన బట్ట మీటర్ల లెక్కన కాబట్టి ఆగినంత సేపు చేతికి పైసా రాదు, అందుకే ఫోన్ చేస్తే పలికే మనిషి మా మండలంలనే ఉండాలె. ఇక్కడ డైరెక్టర్లను మేమే ఓటేసి ఎన్నుకుంటం, 2022 డిసెంబర్ల ఎన్నికలు కూడా జరిగినయి. నాకైతే అన్నిటికన్న పెద్ద సంగతి ఇదే, మా ఊరికొచ్చి ఓటడిగిన మనిషిని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన నాడు నిలదీసి అడగొచ్చు.

మేము అడిగేది రెండే సార్. ఎన్నికలు టైంకి పెట్టించండి. సెస్ గురించి ఏ నిర్ణయమైనా ముందు సభ్యుల మహాసభల పెట్టి, మా మాట విన్నంకనే తీసుకోండి.

ఇట్లు,
సెస్ సభ్యుడు, రాజన్న సిరిసిల్ల జిల్లా