తల్లిపాల మాట కాన్పుకు ముందే చెప్పాలి

సంపాదకుడు గారికి,

మా అమ్మాయి తొలి కాన్పుకు ఆదోనిలో మా ఇంటికి వచ్చింది. ఎనిమిదో నెల. చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ బీపీ, బరువు, రక్తం చూస్తున్నారు, ఐరన్ మాత్రలు ఇస్తున్నారు. పుట్టే బిడ్డకు పాలెలా పట్టాలో మాత్రం ఇంతవరకూ ఎవరూ మాట ఎత్తలేదు.

ఆ మాట వచ్చేది కాన్పయ్యాకే. అప్పుడు కుట్ల నొప్పి, నిద్ర ఉండదు, మంచం చుట్టూ చుట్టాలు. రెండో రోజే ఎవరో ఒకరు ‘పాలు పడలేదు’ అంటారు, డబ్బా వచ్చేస్తుంది. మొదటి రెండు మూడు రోజులు వచ్చే ముర్రుపాలు చెంచాల లెక్కలోనే ఉంటాయి, ఆ చిన్న పొట్టకు అవి చాలు. బిడ్డ చీకేకొద్దీ పాలు ఊరతాయి. డబ్బాపాలు తాగి పడుకున్న బిడ్డ చీకదు, పాలు నిజంగానే తగ్గుతాయి. ‘నేను ముందే చెప్పానా’ అని అదే మనిషి మళ్లీ అంటుంది. డబ్బాపాల ప్రకటనలను 1992 చట్టం ఆపింది గానీ, చుట్టాల ప్రచారాన్ని ఏ చట్టం ఆపుతుంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మూడేళ్లలోపు పిల్లల్లో పుట్టిన గంటలోపే తల్లిపాలు తాగినవాళ్లు 41.8 శాతమే. ఆసుపత్రి దాకా వచ్చిన తల్లికి ఆ గంటలో సాయం అందడం లేదన్నమాట. సిజేరియన్ అయినా తల్లి మెలకువగా ఉంటే, పక్కన ఎవరైనా పట్టుకుంటే పాలు పట్టొచ్చు.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు చేస్తారు. వరసలో చాలాసేపు కూర్చోవాల్సిందే. ఆ టైంలో ఒక నర్సమ్మ బొమ్మను ఒళ్లో పెట్టుకుని చూపిస్తే చాలు: బిడ్డ నోరు బాగా తెరిచాక చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి, లేకపోతే పగుళ్లు, నొప్పి. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలి. వారం తిరిగేసరికి బిడ్డ రోజుకు ఆరుసార్లైనా ఉచ్చ పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

నాలాంటి అమ్మమ్మలనూ అక్కడే కూర్చోబెట్టండి. తొలి కాన్పు పుట్టింట్లో కదా, బిడ్డ నోట్లో తేనె, ఆముదం, పంచదార నీళ్లు పోసేది మా తరం వాళ్లే. మన ఎండలకు బిడ్డకు దాహమేస్తుందని నీళ్లు కూడా పడతారు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే, ఆరు నెలలు నిండేదాకా వేరే నీళ్లు అక్కర్లేదు. తమాషా ఏమిటంటే, దాహమేసే బాలింతకు మాత్రం పత్యం పేరుతో నీళ్లు తగ్గిస్తారు.

తల్లిపాలను ప్రోత్సహించడానికి 2016లో కేంద్రం మొదలుపెట్టిన ‘మా’ (అమ్మ) కార్యక్రమం ప్రకారం గర్భిణులు, బాలింతలతో ఆశా కార్యకర్తలు సమావేశాలు జరపాలి. మా పక్క ఊళ్ల నుంచి సుగ్గికి, అంటే కూలి పనులకు వలసగా, గుంటూరు వైపు వెళ్లే కుటుంబాల్లో చూలింతలూ ఉంటారు. వాళ్లకు ఈ సమావేశమూ, 9వ తేదీ పరీక్షా రెండూ తప్పిపోతాయి. వాళ్లు బయలుదేరే ముందే ఇంటికెళ్లి చెప్పే ఏర్పాటు జిల్లా వైద్యాధికారులు చేయాలి.

– ఒక పాఠకురాలు, ఆదోని, కర్నూలు జిల్లా