పెస్తో నల్లబడిందని దిగులెందుకు

తల్లీ,

నువ్వు చేసిన పెస్తో ఫొటో చూశాను, అదే, బేసిల్ అనే తులసి జాతి ఆకుతో నూరే ఆ ఇటలీ పచ్చడి. రంగు మాడింది, చేదుగా కూడా ఉందన్నావు. ఆకుది తప్పు కాదు, మిక్సీది. బేసిల్ ఆకు నలిగి గాలి తగలగానే అందులోని ఎంజైములు దాన్ని నల్లబరుస్తాయి. బ్లేడు వేడి ఆ పనిని ఇంకా తొందరపెడుతుంది. చేదు మాత్రం నూనె వల్ల కావచ్చు: మంచి ఆలివ్ నూనెను మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే ఒక్కోసారి చేదెక్కుతుంది.

పెస్తో పుట్టిల్లు, ఇటలీలోని జెనోవా నగరం వాళ్లు దీన్ని పాలరాతి రోట్లో చెక్క రోకలితో నూరతారు. 2007 నుంచి అక్కడ రోట్లో పెస్తో నూరడానికి ప్రపంచ పోటీలే జరుగుతున్నాయి! ఆ పట్టుదలకు నవ్వు వచ్చినా, రోలు దొరికితే నువ్వూ రోట్లోనే చెయ్యి. ముందు ఒక వెల్లుల్లి రెబ్బను మెత్తగా నూరు. తర్వాత 60 గ్రాముల లేత ఆకు, కాస్త కల్లుప్పు, కొద్దికొద్దిగా వెయ్యి. కడిగిన ఆకు పూర్తిగా ఆరాలి సుమా. దంచకు; రోకలిని రోటి అంచుకు ఆనించి గుండ్రంగా తిప్పు. పచ్చటి రసం ఊరాక 30 గ్రాముల పైన్ గింజలు, ఆ తర్వాత తురిమిన చీజ్: పర్మిజానో 50 గ్రాములు, సార్డీనియా దీవి గొర్రెపాల చీజ్ పెకొరీనో 25. రెండూ ఉప్పగా ఉండేవే కాబట్టి ఉప్పు దగ్గర చెయ్యి బిగబట్టు. చివర 70 మిల్లీలీటర్ల నూనె, చెంచాతో కలపడమే.

మిక్సీయే గతి అయితే జారును ముందుగా ఫ్రిజ్‌లో పెట్టి, ఆపి ఆపి తిప్పు. నూనె అప్పుడూ చేత్తోనే. ఆకును క్షణంసేపు మరిగే నీళ్లలో ముంచి తీస్తే రంగు నిలుస్తుంది, నిజమే. కానీ వాసన తగ్గుతుంది. కంటికోసం ముక్కును మోసం చేయడం నాకు నచ్చదు.

పెస్తోను పొయ్యి మీద పెట్టకు. పాస్తా దించాక, అది ఉడికిన నీళ్లు ఒక చెంచా పోసి పలుచన చేసి కలుపు. జెనోవాలో పాస్తాతో పాటే బంగాళాదుంప ముక్కలు, బీన్స్ ఉడికించి కలుపుతారు; నీకు తప్పక నచ్చుతుంది.

మిగిలితే పైన నూనె పొర పోసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో తినేయి. ఎక్కువ రోజులు కావాలంటే చీజ్ వేయకుండా ఫ్రీజర్‌లో పెట్టు, తినే రోజు చీజ్ కలుపుకోవచ్చు.

ఈసారి రుచి ఎలా ఉందో రాయి.

ప్రేమతో,
నాన్న